ఇరవై రెండు కుట్లు

కొండ దిగువన, వాగు మలుపు తిరిగేచోట, ప్రతి గురువారం జంతువుల సంత జరిగేది. ఎవరి సరుకు వాళ్లది. ఎలుగుబంటి బైరాగి జుంటితేనె తెచ్చేవాడు. కోతులు ఉసిరికాయలు, కుందేళ్లు దుంపలు. సంతకు పెద్ద ముసలి ఎద్దు తవిటయ్య. కాడి మోసి మోసి మెడ కాయలు కాసినవాడు. ఏ మాటనైనా ఒకసారి నెమరేసి గాని బయటికి అనేవాడు కాదు.

నక్క జోగారావు దగ్గర మాత్రం తినే సరుకేమీ ఉండేది కాదు. అతను సంచులు పెట్టేవాడు. పైన ఘాటు రోడ్డు మీద బస్సులు ఆగినచోట మనుషులు తిని పారేసిన మెరుపు సంచులు. వాటిని ఏరుకొచ్చి, వాగులో జాడించి, ఎండకు ఆరేసి, వరసగా పరిచేవాడు.

"సరుకు దేవుడిచ్చాడు. ఇంటికి మోసుకుపోయే దారి నేనిచ్చాను" అని మీసం దువ్వేవాడు.

నిజమే. తేనె కారేది కాదు. దుంపలు జారేవి కావు. తిన్నాక సంచి అక్కడే పారేసేవాళ్లు. వాగు ఒడ్డున అవి గాలికి ఎగిరేవి. ఎవరూ పట్టించుకోలేదు.

ఒక గురువారం గేదె మాచమ్మ దూడను వెంటబెట్టుకొని సంతకొచ్చింది. దూడ పేరు చుక్కి. నాలుగు నెలలది. తీపి వాసన తగిలితే ఆగదు. ఎవరో నాకి పారేసిన తేనె సంచి కాలి దగ్గర పడి ఉంది. మాచమ్మ అటు తిరిగి ఇటు తిరిగేలోపు చుక్కి దాన్ని మింగేసింది.

చుక్కి మెడ చాచింది. నాలుక బయటికొచ్చింది. అరుపు మాత్రం రాలేదు.

బిడ్డ ఏడిస్తే తల్లి పరుగెత్తుతుంది. ఏడవకపోతే ఏం చేయాలో తల్లికి తెలియదు.

వాగులో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ మాస్టారు ఒక్క దూకున వచ్చాడు. పొడుగు ముక్కు దూడ గొంతులో పెట్టాడు. లాగాడు. కరకరమంటూ మూరెడు సంచి బయటికొచ్చింది.

దూడ బతికింది. మాచమ్మ మాత్రం నాలుగు రోజులు పాలు చేపలేదు.

ఆ మరుసటి సంతలో తవిటయ్య అందరినీ కూర్చోబెట్టాడు. చాలాసేపు నెమరేశాడు.

"ఇక మన సంతలో మెరుపు సంచి కనబడకూడదు" అన్నాడు.

"తాతా, మరి నా తేనె? దోసిట్లో పొయ్యమంటావా?" అన్నాడు బైరాగి.

అప్పుడు పక్క పొదలోంచి సన్నటి గొంతు వినబడింది.

"ఆకులో ఇవ్వొచ్చు గదా, మావా!"

కుట్టుపిట్ట పైడమ్మ. బొటనవేలంత ఉంటుంది. ఆకుల అంచులు కలిపి, ముక్కే సూదిగా బూరుగు దూదితో కుట్టి, అందులో గూడు పెట్టుకునే రకం.

జోగారావు పగలబడి నవ్వాడు. "చెల్లెమ్మా, నువ్వు కుట్టేది నీ గూడు. అందులో నీ గుడ్లు రెండు పడతాయి. బైరాగి బావ తేనె పడుతుందా?"

"నాలుగు పడతాయన్నా. గాలివానలో కూడా కింద పడవు."

"తేనె గుడ్డు కాదమ్మా!"

"అవును. గుడ్డయితే ఇంకా కష్టం. అందులో ప్రాణముంటుంది."

కోతులు కిచకిచలాడాయి. తవిటయ్య తోక ఆడించి వాళ్లను ఆపాడు. "ఎన్నాళ్లు కావాలమ్మా?"

"మూడు సంతలు."

"పూచీ ఎవరు?"

పిట్టకు పూచీ ఎవరుంటారు? మాచమ్మ ముందుకొచ్చింది. చుక్కి ఆమె పొట్ట కింద దాక్కొని ఉంది.

"నేను" అంది. అంతే అంది.

పైడమ్మ ఆ రోజే పని మొదలుపెట్టింది. కొండ మీద అడ్డతీగ ఉంది. దాని ఆకు ఏనుగు అడుగంత వెడల్పు. తుంచి కుట్టింది. పచ్చి ఆకు మర్నాటికల్లా ముడుచుకుపోయి, కుట్లు లాక్కుపోయాయి. సరే, ఆరబెడదామని ఎండలో పెట్టింది. అప్పడంలా పెళపెళా విరిగింది.

"నీడన ఆరబెట్టాలి వదినా" అంది మాచమ్మతో. "తెల్లారుజామున మంచులో కాసేపు పరిస్తే మళ్లీ మెత్తబడుతుంది. అప్పుడు బరువు పెట్టి చదును చేయాలి. పెద్ద రాయి ఎక్కడన్నా ఉందా?"

మాచమ్మ ఒకసారి చుట్టూ చూసింది. రాయి కనబడలేదు. ఆకుల మీద మెల్లగా పడుకుంది.

పైడమ్మ నవ్వి నవ్వి కొమ్మ మీంచి జారింది. "ఇంతకంటే పెద్ద రాయి ఈ కొండలోనే లేదు!"

"పని చూసుకో. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అంది మాచమ్మ.

రెండో సంతకు దొప్ప తయారైంది. బైరాగి తేనె పోశాడు. చంకలో పెట్టుకొని గుహకు నడిచాడు. సగం దారిలో వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. సూది కన్నాల్లోంచి తేనె కారి, చీమలు చెవుల దాకా ఎక్కాయి.

"ఇది దొప్పా? జల్లెడా?" అని గంతులేశాడు.

జోగారావు దూరం నుంచే కేకేశాడు. "బావా, నా దగ్గర పాత సంచి ఒకటుంది. ఎవరికీ చెప్పనులే!"

ఆ వారం పైడమ్మ సరిగ్గా తినలేదు. ఒక్కో దొప్పనూ ఎండకెత్తి పట్టుకొని కన్నాలు చూసుకునేది. చూసి కింద పెట్టేది. మళ్లీ ఎత్తేది. మాచమ్మ పక్కన పడుకొని నెమరేస్తూ ఉండేది. ఏమీ అడిగేది కాదు.

నాలుగోరోజు బైరాగి చెట్టు కింద కూర్చొని తేనెపట్టు నమిలి, మైనం తుపుక్కున ఉమ్మాడు. పైడమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"మావా, అది నీకక్కర్లేదా?"

"ఉమ్మిందెవరికి కావాలే పిల్లా?"

"నాకు కావాలి."

అప్పటినుంచి రెండు ఆకులు తీసుకునేది. ఒకదాని ఈనెలు నిలువుకు, ఇంకోదానివి అడ్డానికి. పై ఆకు కుట్టు కింది ఆకు కుట్టు మీద పడకుండా జరిపేది. ప్రతి కుట్టు మీదా ముక్కుతో ఆవగింజంత మైనం అద్దేది. అంచు చుట్టూ ఇరవై రెండు కుట్లు. ఇరవై ఒకటైతే బరువుకు అంచు విచ్చుకుంటుంది. ఇరవై మూడైతే ఆకు చిరుగుతుంది. ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. అరవై దొప్పలు పాడుచేసి తెలుసుకుంది.

మూడో సంతకు బైరాగి తేనె పోసుకొని గుహదాకా వెళ్లాడు. చీమ రాలేదు. తేనె తాగాడు. తిరిగొచ్చి దొప్పను మాచమ్మ దూడ ముందు పడేశాడు. చుక్కి వాసన చూసి వెనక్కి తగ్గింది. తల్లి ముఖం చూసింది. మాచమ్మ తనే ఒక ముక్క కొరికి నమిలింది. అప్పుడు చుక్కి తింది. మైనం చుక్కలు మాత్రం ఊసేసింది. వాటిని పైడమ్మ ఏరుకొని దాచుకుంది.

తవిటయ్య ఇంకో దొప్పను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. నెమరు ఆపి మరీ చూశాడు.

"నా మెడకు కాడి చేసిన వడ్రంగి గొప్పవాడే" అన్నాడు. "కానీ మెడ కాయలు కాసింది. ఈ పనిలో ఎవరికీ కాయ కాయదు. పిట్ట కొంచెం, పని ఘనం."

పైడమ్మ ఒక ఈక సర్దుకుంది.

ఒక్కటే చిక్కు. రోజుకు పది దొప్పలే అయ్యేవి. సంత పెద్దది.

రెండు వారాలకు జోగారావు కొత్త సరుకుతో దిగాడు. ఆకు దొప్పలే. వందలకొద్దీ. పైకి అచ్చం అడ్డాకు. లోపల నున్నగా, నిగనిగలాడుతూ సన్నటి పొర. నీళ్లు పోస్తే చుక్క కారలేదు. ఒక్క కుట్టు లేదు. అంతా తుమ్మజిగురుతో అంటించినదే.

"ఈ పొర ఏమిటి?" అన్నాడు తవిటయ్య.

"మొక్కజొన్న పాలు తాతా. ఆరబెట్టి తీస్తాం. ఆకు ఎంతో ఇదీ అంతే. నేలలో వేస్తే రెండు సంతలు తిరిగేసరికి మట్టి." అతను పైడమ్మ వైపు తిరిగాడు. "చెల్లెమ్మ దారి చూపింది. నేను రోడ్డు వేశాను. తప్పా?"

సంతంతా ఎగబడింది. బైరాగి కూడా నాలుగు పట్టుకున్నాడు. "ఏమనుకోకే పిల్లా. నువ్వు కుట్టేది రోజుకు పదే."

"అనుకోను మావా" అంది పైడమ్మ. ఆమె నిజంగానే ఆ నున్నటి పొరను ముచ్చటగా చూసింది. కుట్టు లేకుండా నీళ్లాపగలిగితే అంతకంటే ఏం కావాలి?

ఆ సాయంత్రం చుక్కి ఒక కొత్త దొప్ప నోట పెట్టుకుంది. నమిలింది.

కరకర.

మాచమ్మ ఒక్క గెంతున వచ్చి దూడ నోట్లోంచి దాన్ని లాగేసింది. తెల్లారి తవిటయ్య దగ్గరికి వెళ్లింది.

"అదే చప్పుడు" అంది.

అక్కడున్న జోగారావు జాలిగా తల ఊపాడు. "పాపం వదిన బెదిరిపోయింది తాతా. తాడును చూసి పామనుకుంటోంది. ఎండుటాకు నమిలితే చప్పుడు కాదా?"

"ఎండుటాకు పటపటమంటుంది" అంది మాచమ్మ. "ఇది కరకరమంది."

"చప్పుళ్లకు కూడా తీర్పులా!" అన్నాడో కోతి. చాలామంది నవ్వారు. మాచమ్మ నవ్వలేదు. దూడను దగ్గరికి లాక్కుంది.

తవిటయ్య నెమరేశాడు. "జోగారావూ, నేలలో వేస్తే మట్టవుతుందన్నావుగా?"

"అన్నాను తాతా."

"అయితే నేలకే ఇద్దాం."

వాగు అవతల చెదల పుట్ట ఉంది. చెదలంటే ఎవరికీ గిట్టదు. ఇల్లు తింటాయి, మోడు తింటాయి. కానీ చెట్టు నుంచి పుట్టినదేదైనా ఇట్టే మట్టి చేసేది వాళ్లే. పుట్ట పక్కన రెండు గుంటలు తవ్వారు. ఒకదానిలో పైడమ్మ దొప్ప, ఇంకోదానిలో జోగారావు దొప్ప పెట్టి మట్టి కప్పారు. పైడమ్మ గుంట మీద ఆమె ఈక గుచ్చిన పుల్ల నాటారు. జోగారావు గుంట మీద అతని తోక వెంట్రుకలు చుట్టిన పుల్ల.

జోగారావు గొంతు సవరించుకున్నాడు. "ఎవరిది మిగిలితే వాళ్లు సంత వదిలి పోవాలి. పూచీ ఉన్నవాళ్లు కూడా. అంతేగా తాతా?"

ఎండలు ముదురుతున్నాయి. కొండ చుట్టుపక్కల నీళ్లున్నది ఆ మలుపులోనే. సంత పోతే వాగు పోయినట్టే. పాలు తాగే దూడతో మాచమ్మ ఎక్కడికి పోతుంది?

పైడమ్మ కంగారుగా చూసింది. "వదినా, పూచీ వెనక్కి తీసుకో. ఇంకా సమయముంది."

"నువ్వు కుట్టిందే గదా అందులో ఉంది?"

"అవును."

"మరేం?" అని మాచమ్మ గడ్డి వైపు నడిచింది.

మూడోరోజు మధ్యాహ్నం, అందరూ నీడన కునుకు తీస్తున్న వేళ, జోగారావు పుట్ట దగ్గరికి వచ్చాడు. తన దొప్ప సంగతి తనకు తెలుసు. గుంట తవ్వి దొప్పలు మార్చేద్దామనుకున్నాడు. కాలు పెట్టగానే చెదలు కరిచాయి. కాలు విదిలించుకొని ఆలోచించాడు. "ఎందుకొచ్చిన తంటా? పుల్లలు మారిస్తే చాలదూ?" ఈక ఉన్న పుల్ల పీకి తన గుంట మీద నాటాడు. వెంట్రుకల పుల్ల అవతల నాటాడు. మీసం దువ్వుకొని వెళ్లిపోయాడు.

రెండో సంత రోజున అందరూ పుట్ట దగ్గర చేరారు. బైరాగి గుంటలు తవ్వాడు. ముందు వెంట్రుకల పుల్ల ఉన్నది. చెయ్యి పెట్టి తీస్తే గుప్పెడు నల్లటి మట్టి. అంతే.

"ఆహా!" అన్నాయి కోతులు.

తర్వాత ఈక ఉన్న గుంట. బైరాగి చెయ్యి పెట్టాడు. కరకర చప్పుడైంది. ఆకు పోయింది. నిగనిగలాడే పొర, గిన్నె ఆకారంలో, చెక్కుచెదరకుండా పైకొచ్చింది.

చుక్కి తల్లి పొట్ట కిందికి దూరింది.

"అయ్యో చెల్లెమ్మా!" జోగారావు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నీలోపల ఇంత ఉందా? పైకి ఆకు, లోపల సంచి! నా పొర చూసి అసూయతో నువ్వూ పెట్టావన్నమాట. పాపం మాచమ్మ వదిన! నమ్మి చెడింది."

జనం గుసగుసలాడారు. బైరాగి తల దించుకున్నాడు. తవిటయ్య నెమరు ఆగిపోయింది.

పైడమ్మ కొమ్మ మీంచి ఆ పొరనే చూస్తోంది. మాచమ్మ తలెత్తి ఆమెను చూసింది. కోపంగా కాదు. ఆకుల మీద పడుకొని ఎదురుచూసినప్పటిలాగే చూసింది.

పైడమ్మ కిందికి వాలింది. పొర అంచు ముక్కుతో పట్టుకొని లాగింది. బరువుకు పడబోయింది. "మావా, కొంచెం ఎండకెత్తి పట్టుకో" అంది.

బైరాగి ఎత్తాడు.

"తాతా, ఇందులోంచి ఎండచుక్క రాలుతోందా చూడు."

తవిటయ్య దగ్గరికొచ్చి కళ్లు చికిలించాడు. "లేదమ్మా. ఒక్క కన్నం లేదు."

"నేను కుట్టకుండా ఏదీ చేయలేను తాతా. నాకు చేతకాదు. నా కన్నాల వల్లే గదా బైరాగి మావను చీమలు పట్టింది! నేను చేసినదాంట్లో సూది గుచ్చని ఆకు ఉండదు."

"అదేమిటి? ఇది మాత్రం అంటించావేమో!" అన్నాడు జోగారావు.

పైడమ్మ వెంట్రుకల పుల్ల ఉన్న గుంట దగ్గరికి గెంతింది. బైరాగి తీసిన మట్టిని ముక్కుతో మెల్లగా చెరిగింది. చిన్న పసుపు గుండు ఒకటి తేలింది. పక్కన పెట్టింది. ఇంకోటి. ఇంకోటి.

"ఏమిటవి?" అన్నాడు కొంగ మాస్టారు.

బైరాగి ఒకటి తీసి వాసన చూశాడు. నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు పెద్దవయ్యాయి. "ఒరే, ఇది నేను ఉమ్మిన మైనం!"

"మింగకు మావా, లెక్క తగ్గుతుంది" అంది పైడమ్మ.

కొంగ మాస్టారు వరసగా పేర్చి లెక్కపెట్టాడు. బైరాగి నోట్లోది కూడా కక్కించి కలిపాడు. ఇరవై రెండు.

"నా దొప్పకు ఇరవై రెండు కుట్లు. ఈ సంతలో అందరికీ తెలుసు" అంది పైడమ్మ. "నా దొప్ప పడుకున్నచోటు ఇదీ. పైన ఎవరి వెంట్రుకలున్నాయో నాకు తెలియదు."

అందరూ జోగారావు తోక వైపు చూశారు. అతను ఆ తోకను కాళ్ల మధ్యకు లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనెందుకు మారుస్తాను? పుల్లలు నేను ముట్టుకోనే లేదు!" అన్నాడు.

"పుల్లలు మారాయని ఎవరన్నారయ్యా?" అన్నాడు తవిటయ్య.

జోగారావు పుట్ట వైపు మూతి చాపాడు.

"చెదలే మార్చాయి తాతా!" అన్నాడు.

అప్పుడు పుట్టలోంచి నిదానమైన గొంతు వచ్చింది. చెదల అవ్వ. ఎప్పుడూ బయటికి రాదు. "నాయనా, మాలో పనిచేసేవాళ్లకు కళ్లు లేవు. ఈకేదో, వెంట్రుకేదో మాకేం తెలుసు? తినేది తిన్నాం. తినలేనిది వదిలేశాం. ఒక సంగతి మాత్రం చెప్తాను. మూడోరోజు మధ్యాహ్నం మా పిల్లలు ఒక కాలు కరిచారట. చేదుగా ఉందని చెప్పారు."

జోగారావు కాలి మీద దద్దుర్లు ఇంకా ఉన్నాయి. దాచుకునే చోటు లేకపోయింది.

తవిటయ్య చాలాసేపు నెమరేశాడు. తర్వాత మాచమ్మ వైపు తిరిగాడు. "చప్పుడు గుర్తుపట్టింది నువ్వు. నేను నవ్వలేదు. కానీ నమ్మలేదు కూడా. తప్పు నాది. శిక్ష నువ్వే చెప్పమ్మా."

మాచమ్మ ఆలోచించింది. "వెళ్లగొట్టొద్దు తాతా. వెళ్లగొడితే ఇంకో సంతలో ఇంకో దూడ ముందు పరుస్తాడు. ఇతను ఇచ్చినవన్నీ ఇతనే ఏరాలి. పొదల్లో, వాగులో, ఇసుకలో ఉన్నవన్నీ. ఆఖరిది దొరికేదాకా తోకకు కట్టుకొని తిరగాలి."

ఆ మాటే ఖాయమైంది.

ఇప్పటికీ జోగారావు ఏరుతూనే ఉన్నాడు. తోక వెనక మెరుపు సంచుల మూట. ఒక అడుగేస్తే కరకర. ఇంకో అడుగేస్తే కరకర. పూరేడు పిట్ట వంద గజాల దూరంలోనే లేచిపోతుంది. ఎండ్రకాయ కన్నంలోకి జారుకుంటుంది. వేట దొరక్క, కడుపు నింపుకోవడానికి సంతకొచ్చి, ఉడకబెట్టిన దుంప అడుగుతాడు. దాన్ని ఇరవై రెండు కుట్ల దొప్పలో పెట్టి ఇస్తారు. అతను తిని, దొప్పను మర్యాదగా చుక్కి ముందు పెడతాడు.

పైడమ్మ దగ్గర ఇప్పుడు ముప్పైమంది కుట్టుపిట్టలు పని నేర్చుకుంటున్నారు. ఒకరు ఇరవై మూడో కుట్టు వేయబోతే ఆమె ఏమీ అనదు. ఆకు చిరిగేదాకా ఆగుతుంది. బైరాగి మైనం ఉమ్మడం మానేశాడు. ఆకులో చుట్టి తెచ్చి చేతికిస్తాడు. ఆకులు చదును చేయడానికి మాత్రం ఇంకా రాయి వెతకలేదు.

సాయంత్రాల్లో మాచమ్మ ఆకుల మీద పడుకొని చెవులు రిక్కించి వింటూ ఉంటుంది. పక్కన చుక్కి దొప్ప నములుతుంది. పటపట, పటపట. ఎండుటాకు చప్పుడు. మాచమ్మ కళ్లు మెల్లగా మూతపడతాయి. పొదుగు చేపుకొస్తుంది.

నేలకు అరిగేదే బిడ్డ నోటికి అందనివ్వాలి.